తొంభై ఆరు బొమ్మల బజారు

1955లో ఉదయగిరికి బాగుపడే యోగం పట్టింది. ఊళ్ళో ఎవరూ అడగలేదు. బజారు బాగు కమిటీ అని ఒకటి వెలిసి, మసీదు దగ్గర నుంచి బస్సు ఆగే చోటు దాకా వీధిని రెండింతలు వెడల్పు చెయ్యాలని తీర్మానించింది. ఆత్మకూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చి నీలం కాగితం మీద తెల్లగీతలతో ప్లాను గీసిచ్చాడు. కమిటీ ప్రెసిడెంటు నారాయణయ్య దాన్ని బజారు గోడకు అతికించాడు. మేకలు పెంచే పెంచలనరసయ్య దాని ముందు చాలాసేపు నిలబడి, "ఇన్ని నీళ్ళు యాడి నుంచి తెస్తారు?" అని అడిగాడు. నీలమంతా చెరువనుకున్నాడు.

అప్పుడు నారాయణయ్యకు నేను గుర్తొచ్చాను. నా పేరు జనార్దనయ్య, ఊరి బళ్ళో డ్రాయింగు మాస్టరును. ఆయన మద్రాసులో కదిలే బొమ్మల సినిమా ఒకటి చూసొచ్చాడు. "అట్లాంటిది చెయ్యండి అయ్యోరూ. జనానికి కళ్ళకు కట్టాల" అన్నాడు.

సినిమా తియ్యడానికి నా దగ్గర సిరాబుడ్డి తప్ప ఏమీ లేదు. తొంభై ఆరు కాగితాల మీద తొంభై ఆరు బొమ్మలు గీసి, ఒక పక్కన దారంతో కుట్టాను. బొటనవేలితో పేజీలు గబగబా వదిలితే ఇరుకు వీధి వెడల్పవుతుంది. ఇళ్ళ ముందు భాగాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. దీపస్తంభాలు మొలుస్తాయి. కాగితం పల్చన, సిరా చిక్కన కావడంతో ఏ వైపు నుంచి చూసినా బొమ్మ కనబడేది. గొప్పగా వచ్చిందని నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పలేదు.

స్థలం వదిలే ఇంటివాళ్ళంతా ఒప్పుదల కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టాలి. మొదట బస్సు ఆగే వైపు వెళ్ళాను. పెంచలనరసయ్య మూడుసార్లు బొమ్మలు ఆడించి చూశాడు.

"మా ఇంటి ముందు పంచ యాడికి పోయినాది?"

"రోడ్డులో కలిసింది."

"అయితే నీ పుస్తకాన్ని పొయ్యిలో కలుపు అయ్యోరా."

ఆ వైపు తొమ్మిది ఇళ్ళు తిరిగాను. తొమ్మిదింటిలోనూ ఇదే మర్యాద జరిగింది.

మర్నాడు మసీదు వైపు వెళ్ళాను. మొదటి ఇల్లు మస్తాన్‌బీది. మసీదులో పిల్లలకు చదువు చెప్పే భర్త చనిపోయాక ఒంటరిగా ఉంటోంది. ముందటేడు వానకు వెనక గోడ కూలిపోయి, ముసలామెకు ముందు గది ఒక్కటే మిగిలింది. రోడ్డుకు పోయేది ఆ గదే. బొమ్మలో కూలిన గోడ ఏం బాగుంటుందని నేను మాత్రం ఇల్లంతా నిండుగా గీశాను. పుస్తకం ఆమె చేతికిచ్చి తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

ఆమె బొమ్మలు ఆడించింది. ముఖం విప్పారింది. "వెనక గోడ గూడా కడతారా అయ్యోరూ?" అని అడిగింది.

నాకు అర్థం కాక కాగితం ముందు పెట్టాను. ఆమె వేలిముద్ర వెయ్యలేదు. కలం అడిగి తీసుకుని ఉర్దూలో సంతకం చేసింది, కుడి నుంచి ఎడమకు. అప్పుడు తెలిసింది. ఆమె చదువుకున్న పుస్తకాలన్నీ అటు నుంచే తెరుచుకుంటాయి. నా పుస్తకాన్నీ అట్లాగే చివరి బొమ్మ నుంచి తెరిచింది. ఖాళీ రోడ్డు మీద ఒక్కొక్క గోడా లేచి, చివరికి ఆమె ఇల్లు నిండుగా నిలబడింది.

అక్కడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పది ఇళ్ళు తిరిగితే దొరికిన మొదటి సంతకం అది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. పక్కింట్లో పుస్తకాన్ని నేనే కుడివైపు నుంచి తెరిచి చేతికిచ్చాను. సాయంత్రానికి పదకొండు ఇళ్ళు ఒప్పుకున్నాయి. "బొమ్మల్లో మహత్యం ఉండాది" అని నారాయణయ్య నా భుజం తట్టాడు. సిగ్గు లేకుండా నవ్వాను.

పని మసీదు వైపే మొదలైంది. నేను వెళ్ళేసరికి మస్తాన్‌బీ మంచం, పెట్టె, సామాన్లు తనే బయట చెట్టు కిందికి చేర్చుకుని, గునపాల వాళ్ళకు పెద్ద గిన్నెలో టీ కాస్తోంది. పాతది తీస్తేనే గదా కొత్తది వచ్చేదని ఆమె ధైర్యం. మేస్త్రీ శీనయ్య అప్పటికే ఇంటి కప్పు దించేశాడు.

"తలుపు ఉత్తరానికి పెట్టు నాయనా. ఇటు జల్లు కొడతాది" అంది అతనితో.

"తలుపేంది అవ్వా? మాకు పడగొట్టేదే చెప్పినారు."

ఆమె నా వైపు తిరిగింది. "అయ్యోరూ, ఈయనకు పుస్తకం చూపించు."

పుస్తకం తీశాను. ఎడమవైపు నుంచి తెరిచి, శీనయ్యకు కాదు, ఆమెకే చూపించాను. ఇల్లు నిండుగా ఉంది. తర్వాత ముందు గది పోయింది. తర్వాత రోడ్డు మిగిలింది. ఆమె పుస్తకం తీసుకుని, ఈసారి తనే ఎడమ నుంచి నిదానంగా పేజీలు వదిలింది.

"తెలిసే చూపించినావా?"

"తెలిసే."

ఒప్పుదల కాగితం వెనక్కి తెస్తానన్నాను. ఆమె కప్పు లేని గది వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

గ్లాసులు కడిగి టీ పోసింది. శీనయ్యకు ఇచ్చింది. గునపాల వాళ్ళు నలుగురికీ ఇచ్చింది. గిన్నెలో ఇంకా టీ ఉంది. నేను చూస్తుండగానే దాని మీద మూత పెట్టింది.