పాలు పిండే చీర

"పేరుకు నీ పేరే రాస్తున్న, జర ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు భర్త నరేష్‌కుమార్, బర్రెల లైసెన్సు దరఖాస్తు ముందు పెట్టి. అప్పటికి వాసంతి చేతులు మోచేతుల దాకా కుడితి తొట్టిలో ఉన్నాయి. తవుడూ తెలగపిండీ నానేసి, గడ్డిఅన్నారం మార్కెట్టు నుంచి తెచ్చిన మెత్తబడ్డ బత్తాయిలు అందులో పిసుకుతోంది. చెయ్యి కడుక్కుని వస్తానంది. టైం లేదు, రేపటి నుంచి సకల జనుల సమ్మె, ఆఫీసులన్నీ బందు, ఇయ్యాలే ఇచ్చి రావాలన్నాడు. కొంగుకు చేతులు తుడుచుకుని, అతను మోకాలి మీద పెట్టుకున్న అట్ట మీద, అతని వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఏం రాశాడో చూద్దామని వంగితే, కాయితం మీద కుడితి పడతది జరుగు అన్నాడు. జరిగేలోగా కళ్లు చదవాల్సింది చదివేశాయి. వృత్తి: గృహిణి. పశుపోషణలో అనుభవం: లేదు.

అనుభవం లేదట! అతను స్కూటర్ స్టార్ట్ చేసుకుని పోయాక కూడా ఆమె ఆ తొట్టి దగ్గరే నిలబడిపోయింది. పోచంపల్లిలో నేతపని చేసుకునేవాళ్లింట పుట్టిన పిల్ల, పెళ్లయ్యేదాకా బర్రె దగ్గరికి పోవాలంటే భయపడిన మాట నిజమే. ఎల్బీనగర్‌లో ఈ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలోనే మామ బాలనర్సయ్య ఒక చూడి బర్రెను తోలుకొచ్చాడు. ఆయన మగ్గం వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపులో చీరలు పరిచి చూపించే కొలువు చేసేవాడు. ఇంటి పక్కన ఖాళీ జాగా ఉత్తగా పడి ఉందని బర్రెను తెచ్చాడు. తేవడం వరకే ఆయన వంతు. పేడ ఎత్తిందీ, ఈనిన రోజు మాయ పడేదాకా పక్కనే కూర్చున్నదీ, మొదట్లో దాని తన్నులు తిన్నదీ వాసంతి. మామ పోయేనాటికి కొట్టంలో ఐదు బర్రెలయ్యాయి. మగ్గం నేసేటోళ్ల ఇంట్ల గీ బర్రెల లొల్లి ఏందని నవ్విన చుట్టాలే పండక్కి పాలు కావాలని కబురు పెడుతున్నారు. పిల్లల ఫీజు, అత్త బీపీ మందులు, మరిది అరుణ్‌కుమార్ కోచింగు, అన్నీ ఆ పొదుగుల నుంచే వస్తున్నాయి. ఇంటికి ఎవరైనా వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే మాత్రం, ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది అంటాడు నరేష్. అతను అబద్ధమాడుతున్నానని అనుకుంటే బాగుండేది. నిజమే చెబుతున్నానని నమ్ముతాడు, ఆమెకు ఒళ్లు మండేది అందుకే.

అమ్మ సంగతీ ఇంతే కదా అనుకుంది. చీర మగ్గమెక్కే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసీ పోసీ అమ్మ కుడి భుజం పడిపోయింది. చీర నేసింది నాయిన అంటారు, సొసైటీ కార్డు నాయిన పేరు మీదే ఉంది. దవాఖానలో డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగితే, భుజం పట్టుకునే, ఏం పని లేదమ్మా అంది అమ్మ. పక్కనే నిలబడి విన్న వాసంతికి అప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు. 

ఈ లైసెన్సు గొడవ అంతకు కొన్నాళ్ల ముందు ఒక నోటీసుతో మొదలైంది. వాసన వస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే, ఇళ్ల మధ్య పశువుల్ని పెట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి, లేదా తోలెయ్యాలి అని మున్సిపాలిటీ వాళ్లు గోడకు అతికించి పోయారు. నరేష్‌ది సర్కారు నౌకరీ, తన పేరు మీద వ్యాపారం చెయ్యకూడదు. అందుకని భార్య పేరు. ఆ మాట చెప్పినప్పుడు అతని మొహం చూడాలి, పట్టుచీర తెచ్చినవాడిలా ఉంది! దరఖాస్తు ఇచ్చేలోగా తిరగడమంతా ఆమె వంతయింది. జాగా కాయితాల మీద అత్త అంజమ్మ ఒప్పుకోలు కావాలి. పేడకు గుంత తవ్వించాలి, కడిగిన నీళ్లు రోడ్డెక్కకుండా కాలువ తీయించాలి. పశువుల డాక్టరు వచ్చి చూసి రోగాలు లేవని రాసివ్వాలి, చెవులకు పసుపుపచ్చ బిళ్లలు వెయ్యాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి.

డాక్టరు వచ్చిన రోజున బిళ్ల వేసే యంత్రం చూసి బర్రెలు బెదిరాయి. ఒక్కొక్కదాని తల చంకలో ఇరికించుకుని, చెవిలో ఏదో ఒకటి మాట్లాడుతూ ఆమే పట్టుకుంది. అంతా అయ్యాక ఆయన చేతులు కడుక్కుంటూ, ఓనర్ లేరా అమ్మా, వివరాలు రాసుకోవాలి అన్నాడు. నేనే సార్ అంది. ఆయన నవ్వి, అది సరే, సార్ ఎప్పుడొస్తారు అన్నాడు. చెడ్డవాడేం కాదు పాపం, బర్రెలకిచ్చిన మందుకు డబ్బులు కూడా తీసుకోలేదు. నరేష్ వచ్చేదాకా అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

సంతకాలకు పోతే ఇంకో చిత్రం. తలుపు తీసేది ఆడవాళ్లు, రోజూ గిన్నె పట్టుకుని ఆమె ముందు నిలబడేవాళ్లు. నీ పాలు లేకుంటే మాకు తెల్లారదు వాసంతీ అంటూనే, సంతకం మాత్రం మా ఆయన్ని అడగాలె అన్నారు. ఆ ఆయనలకేమో ఆమె పేరే తెలియదు, బర్రెలామె అంటారు. అందరికంటే కష్టమనుకున్నది ఎదురింటి సూర్యప్రభ. వాళ్లది గుంటూరు వైపు. ఆమె భర్త చక్రపాణి కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. ఫిర్యాదు చేసింది వాళ్లేనని నరేష్ అనుమానం. తెలంగాణ ఉద్యమం వేడెక్కిన దగ్గర్నుంచి ఆ ఇంటితో మాటలు బందు పెట్టాడు. వాసంతి పాలచెంబుతోనే పోయి, సంగతి చెప్పి, కాయితం చేతికిచ్చి తల దించుకుని నిలబడింది.

సూర్యప్రభ ఆ కాయితం మొత్తం చదివింది. "మా ఇంట్లో సంతకాలన్నీ ఆయనే పెడతారండీ. ఇల్లు మాత్రం నా పేరు మీదే ఉంది, పేరుకే అనుకోండి," అంది. లోపలికి పోయి పెన్ను తెచ్చుకుంది. "ఎక్కడ పెట్టాలో చూపించండి. ఆయన సెంటర్ నుంచి వచ్చేలోగా తీసుకెళ్లిపోండి."

వాసంతి చూపించిన చోట సంతకం పెట్టింది. ఆ ఒక్క సంతకానికి ఆ ఇంట్లో సాయంత్రం ఏం జరిగిందో వాసంతి ఎప్పుడూ అడగలేదు. మర్నాటి నుంచి సూర్యప్రభ చెంబులో ఒక గరిటెడు ఎక్కువ పోసేది.

దరఖాస్తు ఇచ్చిన మర్నాడే సమ్మె మొదలైంది. ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు వేశారు. నరేష్ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయినట్టే టెంటుకు పోయేవాడు. టెంటులో చాయ్‌కి పాలు ఈ ఇంటి నుంచే. క్యాను మోసుకుపోయిన ఒకరోజు అతను మైకులో మాట్లాడుతున్నాడు. మన కష్టం మనది, పేరు ఇంకొకలది, గీ బతుకు ఇంకెన్నాళ్లు అంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. క్యాను కింద పెట్టి వాసంతీ కొట్టింది. ఆమెకూ తెలంగాణ రావాలని ఉంది. రోడ్డు మీద బతుకమ్మ ఆడినప్పుడు పాట అందుకున్నది ఆమే. ఆ చప్పట్లు ఉత్తుత్తివి కావు. కాకపోతే తిరిగి వస్తుంటే మాత్రం, దరఖాస్తులో అతను రాసిన 'అనుభవం: లేదు' గుర్తొచ్చింది.

ఆ సమ్మెలోనే నల్లబర్రె దూడకు పారుడు పట్టుకుంది, విరేచనాలు ఆగలేదు. పశువుల దవాఖానకు తాళం. ఆమెకు తెలిసిన మందులన్నీ చేసింది, దూడ దక్కలేదు. తల్లి రెండు పూటలూ గేటు వైపు చూసి అరుస్తూనే ఉంది. వాసంతి ఏడుస్తూ చెబితే నరేష్ కాళ్లు కడుక్కుంటూ అన్నాడు: "సమ్మె అన్నంక ఎవలో ఒకలు బాధపడాలె. లేకుంటే ఎవ్వలికి సోయి రాదు."

దూడ పోయిన బర్రె చేపదు. పొదుగు నిండుగా ఉన్నా ఒక్క చుక్క వదలదు. వాసంతి దాని పక్కన కూర్చుని, ఒళ్లంతా నిమిరి, నిమిరి, చేపించుకుంది. ఇంకొకరి వల్ల కాని పని అది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కిందటేడు వానల్లో ఆమెకు చికున్‌గున్యా వచ్చి వేళ్లు ముడుచుకోకుండా పోయినప్పుడు నరేష్ కొట్టంలోకి దిగాడు. బర్రెలు అతన్ని దగ్గరికే రానివ్వలేదు, బకెట్టు తన్నేశాయి. అప్పుడు అంజమ్మ, కొట్టంలో మేకుకు వేలాడే పాత చీర చుట్టుకోమంది. వాసంతి పాలు పిండేటప్పుడు కట్టే చీర అది. అమ్మ ఆసు పోసిన చీర, రంగంతా పోయి తవుడు వాసనా చెమట వాసనా పట్టేసింది. నరేష్ ముందు పోయి గేటుకు లోపల గొళ్లెం పెట్టాడు. ప్యాంటు మీదే చీర చుట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని కూర్చున్నాడు. ఆ చీర వాసన తగిలాక, అప్పుడు చేపాయి బర్రెలు! బయటికొచ్చి చీర విసిరికొట్టి, గిది ఎవలికన్న తెలిస్తే నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె అన్నాడు. మంచం మీద కీళ్లు పగిలిపోతున్నా వాసంతికి నవ్వాగలేదు. మర్నాడే అతను ఎక్కడెక్కడో తిరిగి ఖరీదైన మందులు తెచ్చాడు. ఆమె తొందరగా లేవాలి మరి.

సమ్మె ముగిసింది, ఆఫీసులు తెరిచారు, లైసెన్సు వచ్చింది. లైసెన్సుదారు: వాసంతి. పెళ్లికార్డు తర్వాత తన పేరు అచ్చులో చూసుకోవడం అదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొట్టంలోకి తీసుకుపోయి, నల్లబర్రె ముందు నిలబడి పైకి చదివింది. పిచ్చిదాన్నని తనను తానే తిట్టుకుంది గానీ, ఆ పూటంతా ఒళ్లు తేలిగ్గా ఉంది. సాయంత్రానికి నరేష్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

చలి ముదిరాక అరుణ్‌కు సైదాబాద్ నుంచి సంబంధం వచ్చింది. అరుణ్ డిగ్రీ అయింది, ఉద్యోగ పరీక్షలేవీ పాస్ కాలేదు, ర్యాలీల్లో తిరుగుతాడు. పిల్లగాడు ఏం చేస్తడని పిల్ల తండ్రి అడిగితే, సొంత డెయిరీ ఉంది, లైసెన్సు ఉంది అని చెప్పేశాడు నరేష్. వాళ్లు రేపు చూడటానికి వస్తామన్నారు. ఆ సాయంత్రం పాలు పిండే వేళకు అతను ఒక కాయితం తెచ్చి వాసంతి ముందు పెట్టాడు. ఈసారి ఆమె చేతులు కడిగే ఉన్నాయి. అరుగు మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి చదివింది. గృహిణినైన నాకు ఈ పని చేతకానందున, సదరు లైసెన్సు నా మరిది అరుణ్‌కుమార్ పేరిట మార్చుటకు నాకు ఎలాంటి అభ్యంతరం లేదు.

"చేతకాదని ఎట్ల రాసినవ్?" అంది.

అది రాసే పద్ధతి, కారణం చూపకుంటే ఒప్పుకోరు అన్నాడు నరేష్. అరుణ్ గోడకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. అంజమ్మ పక్కన కూర్చుని, మంచిగానే, వీపు మీద చెయ్యి వేసి చెప్పింది. "చేసేది ఎట్లయిన నువ్వే కద బిడ్డా. నీ బర్రెల్ని ఎవలు గుంజుకుంటున్నరు? పేరుదేముంది, వాని పెండ్లయితది."

చేసేది ఎట్లయినా నువ్వే. ఆ మాట దగ్గర వాసంతికి లోపల ఏదో తెగిపోయింది. అరవాలనిపించలేదు, ఏడుపూ రాలేదు. లేచి కొట్టంలోకి పోయింది. ఆమె అడుగు వినగానే ఐదు తలలూ ఇటు తిరిగాయి. మేకుకున్న పాత చీర తీసుకుని, వాటి వైపు చూడకుండా తిరిగొచ్చి, ఆ కాయితం మీద పెట్టింది.

"నాకు చేతకాదని రాసినవ్ కద. చేతకానిదాన్ని నేనెట్ల పిండుత? ఇగో చీర. ఓనర్‌ను కట్టుకోమను."

 కొట్టంలో నల్లబర్రె అరిచింది. దాని వెనక ఇంకొకటి. నరేష్ మొదట కోప్పడ్డాడు, ఆ తర్వాత గొంతు తగ్గించి, పొదుగులు నిండి నొప్పి పుడతది వాసంతీ, నోరులేని జీవాలు, పాపం తగులుతది అన్నాడు. ఆ మాట అతను చెప్పాలా! పొదుగు ఎక్కడెక్కడ గట్టిపడుతుందో, ఏ రొమ్ములో ముందు సలుపు మొదలవుతుందో ఆమె చేతులకు తెలుసు. వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటున్నాయి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని అరుగు మీదే కూర్చుంది. ఎవలో ఒకలు బాధపడాలె అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయింది, అక్కడ బాధపడుతున్నది తన బర్రెలు.

చివరికి అంజమ్మే, పో రా, కట్టుకో, ఇయ్యాల్టికి అంది. అరుణ్ ఆ చీరను రెండు వేళ్లతో తీసుకున్నాడు. కొట్టం వైపు పోకుండా ముందు వీధి గేటు దగ్గరికి నడిచాడు. బయట గిన్నెలు పట్టుకుని పాలకు వచ్చిన ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎదురు మేడ మీద సూర్యప్రభ ఆరేసిన బట్టలు తీస్తూ ఆగి, ఇటే చూస్తోంది.

"గేటు వెయ్యకు అరుణ్," అంది వాసంతి. "డెయిరీ ఎవలిదో నలుగురు చూడనియ్యి."

అరుణ్ చెయ్యి గొళ్లెం మీదే ఆగిపోయింది. కొట్టంలో ఐదు బర్రెలూ ఒక్కసారిగా అరిచాయి. ఆమె లేవలేదు.