వాన లెక్కల డిస్కు

మా అక్క ఇరవై మూడేళ్ళు ప్రతి ఉదయం ఎనిమిదింటికి మేడ మీద వానమాపకంలో నీళ్ళు కొలిచి రాసుకుంది. కొత్త మురుగుకాలువ ఎంత వెడల్పుండాలో తేల్చడానికి ఇప్పుడు ఇంజనీరుకు ఆ అంకెలు కావాలి. ముఖ్యంగా పదకొండేళ్ళ కిందట వీధులు మునిగిన నాటి అంకె. గడువు వారం. సరిగ్గా అప్పుడే ఆ అంకెలన్నీ ఎక్కించిన హార్డ్ డిస్కు టక్కుటక్కుమనసాగింది. "కంప్యూటరుండగా చెదలకు మేత దేనికి?" అని ఆమె నోటుపుస్తకాలను పారవేయించినవాణ్ణి నేనే.

జన్మంతా తాయెత్తులను ఎగతాళి చేసిన నేను, చల్లబెడితే బాగవుతుందని ఎవరో చెబితే ఆ డిస్కును సంచిలో చుట్టి ఫ్రీజర్లో పెట్టాను.

పాడైన డిస్కుల నుంచి డేటా తీసే ఆవిడ సంచి విప్పి, తేమను వేలితో తాకి చూసింది.

"ఈ వైద్యం ఎవరిదండీ మాస్టారూ?"

"ఎవరో అన్నారమ్మా..."

"అనేవాళ్ళకేం, ఎన్నయినా అంటారు! దేని పక్కన పెట్టారు?"

"బఠాణీల పక్కన," అంది అక్క. "ఊరందరి మూఢనమ్మకాలూ వీడు వదిలిస్తాడు. వీడిది వదిలించే నాథుడే లేడు!"

ఆవిడ దాన్ని ఒక రోజంతా ఆరనిచ్చింది. తరువాత తేలికగా చదవగలిగిన భాగాలన్నీ మరో డిస్కులోకి ఎక్కించి, మొరాయించిన చోట్లను దాటేసింది.

"మొండిచోట ముందే పట్టుబట్టి కూర్చుంటే ఉన్నదీ ఊడుతుందండీ," అంది.

మూడో రోజుకు దాదాపు అన్నీ వచ్చాయి. రానివాటిలో ముంపు నాటి అంకె ఒకటి. ఆవిడ ఆ చోటును ఈసారి చివరి నుంచి వెనక్కు చదివించింది. కాసేపు చదివించడం, డిస్కు చల్లబడేదాకా ఆపడం, ప్రతి ప్రయత్నాన్నీ పుస్తకంలో రాసుకోవడం. అంతటి ఓర్పును నేను ప్రయోగశాలల్లో సైతం అరుదుగా చూశాను.

అయిదో రోజు తెర మీద కనిపించింది: 214 మిల్లీమీటర్లు.

"ఇది సరైన అంకేనని నమ్మకమేమిటి?" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

"నమ్మకంతో పనేముందండీ? ప్రతి ముక్కతో పాటు సరిచూసే లెక్కొకటి డిస్కే రాసిపెట్టుకుంటుంది. అది కలవకపోతే చదవలేకపోయాననే చెబుతుంది. అయినా రెండోసారీ చదివించా."

ఇంతకంటే మంచి జవాబు నా శిష్యులెవరూ ఇవ్వలేదు.

ఇంకా పంతొమ్మిది రోజుల అంకెలు దక్కలేదు. ముందురోజుకూ మర్నాటికీ సగటు కట్టి నింపుదామన్నాను.

"నాది తీసిచ్చే పనండీ, అల్లే పని కాదు," అందావిడ. "రానిది రాలేదనే రాసిస్తా."

"విన్నావుట్రా?" అంది అక్క.

విన్నాను. అక్క తేదీలు చదువుతుంటే, పంతొమ్మిది గళ్ళలోనూ 'వివరం దొరకలేదు' అని నా చేత్తోనే టైపు చేశాను. పట్టిక ఆ సాయంత్రమే ఇంజనీరుకు చేరింది.