కోడలి తెలుగు

ఆరిన దుప్పట్లు మడతపెట్టడం ఒక్క మనిషి పని కాదు. అత్తగారు ఒక అంచు పట్టుకుంటే కోడలు రెండో అంచు పట్టుకుంది. ఎదురెదురుగా నడిచి అంచులు కలపడం, మళ్ళీ వెనక్కి జరగడం. వేరే భాషవాళ్ళ ఇంటినుంచి వచ్చిన పిల్ల. మామూలుగా అయితే వచ్చీరాని తెలుగులో ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. ఆరోజు మాత్రం నోరు విప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర జరిగిందది. కూరగిన్నె మామగారి పక్కన ఉంది. "మామయ్యా, గిన్నె ఇటు తే" అంది పిల్ల, తనకు తెలిసినంతలో మర్యాదగానే. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఒరేయ్, మీ ఆవిడ నాకే పని పురమాయిస్తోందిరా!" అన్నాడు. కొడుక్కి నవ్వి నవ్వి పొలమారింది. నవ్వెందుకో పెళ్ళానికి ఇంగ్లీషులో విడమరిచి చెప్పి, మళ్ళీ నవ్వాడు. పిల్ల కూర వేసుకోకుండానే లేచింది.

ఆ నవ్వు అత్తగారికి కొత్తది కాదు. తను కాపురానికొచ్చిన తొలి రోజుల్లో అద్దెకున్న ఇంటి మేడమీద ఒకావిడ ఉండేది. టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఆవిణ్ని అందరూ టెలిఫోన్ మేడమ్ అనేవాళ్ళు. బట్టలారేయడానికి డాబా మీదికి వెళ్తే, క్లిప్పులు అందిస్తూ అందిస్తూ ఇంగ్లీషు నేర్పేది. మొదట బకెట్, తాడు, ఎండ. తర్వాత చిన్న చిన్న వాక్యాలు. రెండు రోజులు కనబడకపోతే మెట్ల మీదే ఆపి, "హౌ ఈజ్ యువర్ ఇంగ్లిష్ కమింగ్ అలాంగ్?" అని అడిగేది. ఆ అడగడంలో పరీక్ష లేదు, వెక్కిరింత లేదు. అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అడిగేది. ఒకసారి తను, "మై ఇంగ్లిష్ ఈజ్ ఇంకా ఉడుకుతోందండీ" అనేసింది. మేడమ్ నవ్వలేదు. "మంట తగ్గించకు మరి" అంది. ఆ పూట ఖాళీ బకెట్‌తో మెట్లు దిగుతుంటే ఒళ్ళు దూదిపింజలా అనిపించింది. ఇప్పటికీ ఎండలో ఆరిన గుడ్డల వాసన తగిలితే, ముందు ఆ గొంతే వినబడుతుంది ఆవిడకు.

ఆ ప్రశ్న మొగుడి చెవిన పడింది. ఇంటికి నలుగురొచ్చినప్పుడల్లా, "మా ఆవిడ ఇంగ్లీషు వస్తోందట! నడిచొస్తోందో, బస్సెక్కిందో!" అనేవాడు. వచ్చినవాళ్ళు పగలబడేవారు. ఆవిడ అత్తగారు నవ్వేది కాదు, చురక పెట్టేది. "ఇంకో భాష వస్తే ఇంకో నోరొచ్చినట్టే. ఉన్న నోటితోనే వేగలేకపోతున్నాం." తర్వాత్తర్వాత బట్టలు పెరట్లో ఆరెయ్యమన్నారు. కొడుకు పుట్టాడు. మేడమ్ ఇల్లు మారుతూ వచ్చి పలకరించినప్పుడు కూడా అదే అడిగింది. ఆవిడ తలుపు పట్టుకుని, మొగుడు వెనకే ఉన్నాడని, "మానేశానండీ" అంది.

ఆఖరి దుప్పటి మడతలో అత్తాకోడళ్ళు దగ్గరికొచ్చారు. ఆవిడ నాలుక తడుపుకుంది.

"హౌ ఈజ్... యువర్ తెలుగు కమింగ్ అలాంగ్?"

పిల్ల కళ్ళు ఇంతలేసి చేసుకుంది. "అత్తయ్యా! మీరు ఇంగ్లిష్!"

"ఏదో, అడుగంటిన ముక్కలు. నీ సంగతి చెప్పు."

పిల్ల మంచం అంచున కూర్చుంది. తర్వాత ఒక్కొక్క వేలూ మడుస్తూ చెప్పింది. "సరే. వస్తున్నా. తెస్తున్నా. కడిగేశా. అయిపోయింది. తప్పయింది." మిగిలిన వేళ్ళు చూసుకుని, "ఇంకా ఉంది. తే, పెట్టు, తుడువు, త్వరగా."

"ఇవన్నీ ఎవరు నేర్పారే నీకు?"

"ఇల్లు" అంది పిల్ల అమాయకంగా. "తుడువు మాట, మీరు."

ఆవిడ పిల్ల పక్కనే చతికిలబడింది. గిన్నె ఇటు తే. మరి ఇంకేమంటుంది? ఈ ఇంట్లో పిల్ల చెవిన పడ్డవి పనులూ, పనులకు జవాబులూ. అందులో తన గొంతూ ఉంది. ఇంతకీ పుట్టు తెలుగు మాట్లాడే తను ఇన్నేళ్ళుగా ఈ గోడల మధ్య పలికింది మాత్రం ఏముంది? వస్తున్నా, తెస్తున్నా, అయిపోయింది. డాబా మీద వచ్చీరాని ఇంగ్లీషులోనే తను ఆకాశం బాగుందని చెప్పింది, ఊరెళ్ళాలనుందని చెప్పింది, విసుగ్గా ఉందని చెప్పింది. తెలుగులో ఈ ఇంట్లో ఆ మాటలు ఎవరితో అంది?

"రేపట్నుంచి రోజూ ఈ వేళకి కూర్చుందాం" అంది. "నీకు నేను తెలుగు, నాకు నువ్వు ఇంగ్లీషు."

"రేపు ఎందుకు? ఇప్పుడు" అంది పిల్ల.

హాల్లోంచి మామగారి కేక వినబడింది. "కాఫీ!"

పిల్ల "వస్తు..." అంటూ లేవబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. హాల్లోకి వినబడేంత గొంతుతో, కొత్తగా నేర్చుకుంటున్నదానిలా ఒక్కో మాటా విడదీసి పలికింది.

"మాకు... ఇప్పుడు... వీలుకాదు."

తర్వాత కోడలివైపు తిరిగింది.

"ఏదీ, అను."