హాల్మిష్ భాషకు రెండో పేరు

పులివెందుల బడిలో ఇంగ్లీషు చెప్పే ఏంజెల్ సముద్రం చూసిన మనిషి కాదు. అయినా జమ్మలమడుగులోని రెండు గదుల ఇంట్లో కూర్చుని ఒక దీవిని కల్పించింది. జర్మన్‌కు చెల్లెలి వరసయ్యే భాషనొకదాన్ని దానికి పుట్టించింది. హాల్మ్ అంటే ఆ భాషలో రెల్లు. రెల్లు దీవి వాళ్ల మాట గనక హాల్మిష్. నాలుగేళ్ల పని అది. ఆ భాష చరిత్రను ప్రొద్దుటూరు కాలేజీలో కల్పిత భాషల మీద జరిగే సదస్సులో చదివి, అచ్చయ్యే సంపుటిలో చోటు సంపాదించాలని ఆమె పట్టుదల. చోటు తనదేనన్న ధీమా కూడా ఉంది.

ముందురోజు జేజికి, అంటే నాయనమ్మ లీలమ్మకు, చదివి వినిపించింది. పాదిరీలు పడవల్లో దిగారు, దీవివాళ్లు బాప్తిస్మం పొంది కొత్త పేర్లు పెట్టుకున్నారు, ఏడాదిలో పాతవన్నీ మరిచిపోయారు.

అనపకాయలు ఒలుస్తున్న లీలమ్మ చెయ్యి ఆగింది. "మర్చిపోయినారని నీకెవురు చెప్పినారు పాపా?"

"మనోళ్లు కూడా అట్లే మర్చిపోయినారని చర్చి పుస్తకంలో ఉంది కదా జేజీ."

"అది పాదిరయ్య రాసింది. ఆయప్ప ఇంటికొస్తే ఒక పేరు, పోయినాక ఇంగొకటి. మా అవ్వ నాకూ పెట్టింది, ఇంట్లో పిలుచుకునేకి."

"ఏం పేరు?"

"బయట చెప్పేది కాదులే."

ఏంజెల్‌కు సిగ్గేసింది. తమవాళ్ల గురించి నమ్మిన అబద్ధాన్నే దీవి మీదికీ మోసుకుపోయింది. ఆ పూటే తిరగరాసింది. హాల్మిష్ అన్నది పాదిరీలు రాసుకున్న పేరు. తలుపులు మూసుకున్నాక దీవివాళ్లు దాన్ని హేమ్‌తాల్, అంటే ఇంటిమాట, అనేవాళ్లు.

సదస్సులో ఆమె చదవడం పూర్తయ్యాక, గుంటూరు నుంచి వచ్చిన అధ్యక్షుడు మెచ్చుకున్నాడు. "కానీ ఈ రెండు పేర్ల భాగం నమ్మేలా లేదమ్మా. తరాల తరబడి ఎవరు దాచుకుంటారు? అది తీసేస్తే అచ్చు వేస్తాం."

"తీయను సార్. అది లేకపోతే మిగిలిందంతా అబద్ధమే."

"ఎక్కడైనా ఇలా జరిగిందనడానికి ఆధారం ఉందా?"

ఆధారం మూడో వరుసలో కూర్చుని ఉంది. ఏంజెల్ అటు చూడలేదు. "ఉంది సార్. చెప్పే హక్కు నాకు లేదు. అచ్చు కాకపోయినా సరే." కాగితాలు సర్దుకుంది.

లీలమ్మ కుర్చీ పట్టుకుని లేచింది.

"చర్చిలో నేను లీలమ్మనప్పా. ఇంట్లో మారెక్కను. మా అవ్వ సచ్చిపోయినాక నన్నట్ల పిలిచినోళ్లు లేరు. ఆ పేరు రాసుకో."

ఏంజెల్ అందరి ముందే ఏడ్చేసింది. అధ్యక్షుడు కలం తీశాడు.