అడుగులేని జేబు

పొద్దున్నే టిఫిన్ కానిచ్చి చినబాబు తాతగారి కోటు తొడుక్కున్నాడు. ఆ కోటు లోపలి జేబుకి అడుగు లేదు. తాతగారు మంత్రిగా ఇరవై ఏళ్లు, నాన్నగారు పదిహేనేళ్లు జనమిచ్చిన అర్జీలన్నీ అందులోనే పెట్టారు. జేబు ఒక్కసారీ ఉబ్బలేదు. "గుండె పక్కనే పెట్టుకుంటారయ్యా ఆ ఇంటివాళ్లు" అని ఊరంతా మెచ్చుకునేది. చినబాబు గెలిచిన ఈ ఐదేళ్లూ అదే చేశాడు.

ఆ రోజు మూడింటిలోపు మళ్లీ నామినేషన్ వెయ్యాలి. కారెక్కబోతుంటే బట్టలు కుట్టే ఆవిడ అడ్డొచ్చింది.

"బాబూ, పోయినేడు అర్జీకి మా అమ్మాయి సర్టిఫికెట్ పిన్ను కొట్టిచ్చాను. జిరాక్స్ అనుకుని అసలుదే ఇచ్చేశా. సాయంత్రంలోగా చూపించకపోతే దాని ఉద్యోగం ఇంకొకళ్లకిచ్చేస్తారంట. మా పని చెయ్యకపోయినా పర్లేదు, ఆ కాయితం ఇచ్చెయ్యండి చాలు."

ఆ చివరి మాటకి చినబాబు చెవులు వేడెక్కాయి.

"ఎంతసేపు, తీసిస్తా" అని జేబులో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది.

మొదట వచ్చింది తాతగారి కాలంది. వీధికి కుళాయి కావాలంట. తర్వాతది నాన్నగారి కాలంది. అదే వీధి, అదే కుళాయి. మూడోది తనకిచ్చిందే. అదే కుళాయి. దేనికీ మడత విప్పిన జాడ లేదు. తీసినకొద్దీ అలాంటివే వస్తూ మధ్యాహ్నమైంది.

"ఒంటిగంటయిందిరా! రేపు వెతుకుదువుగానీ, పద!" మామయ్య కారులోంచి అరిచాడు.

"వస్తున్నా మామయ్యా" అని చెయ్యి లాక్కుంటే వేళ్లకి ఇంకో కాయితం తగిలొచ్చింది. పెన్సిల్ రాత.

"నాన్నా, ఆదివారం ఒక్కరోజు ఇంట్లో ఉండు."

రెండో క్లాసులో తను రాసిందే. నాన్న తల నిమిరి, గుండె పక్కనే పెట్టుకున్నాడు. ఆ ఆదివారం చీకటిపడేదాకా తను గుమ్మంలో కూర్చున్నాడు. అప్పుడు తను వేసిన మడతని ఇన్నాళ్లకి తనే మొదటిసారి విప్పాడు.

చినబాబు మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆవిడ మొహంలోకి చూడలేక తల దించుకుని, భుజం దాకా చెయ్యి దూర్చాడు.

సర్టిఫికెట్ దొరికేసరికి మూడున్నర. ఆవిడ దాన్ని పట్టుకుని పరుగు తీసింది. మామయ్య ఎప్పుడు వెళ్లిపోయాడో ఏమో.

తలెత్తి చూస్తే, ఆవిడ నిలబడ్డ చోటినుంచి వీధి మలుపు దాకా వరస. ముందున్నది ఒక ముసలాయన.

"నాది మీ తాతగారికిచ్చాను బాబూ."

"వెతుకుతా పెద్దాయనా. కొంచెం ఆలస్యమవుద్దేమో..."

"కంగారేం లేదు బాబూ, మాకలవాటేగా" అన్నాడాయన. పోనీ ఎగతాళిగానైనా అనలేదు.