పడవకు సుడులు చూసినవాడు

మల్లయ్యబండ చిక్కన్న గొడ్డు మీద చెయ్యి వేశాడంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవాడు. పళ్లు చూసి వయసు చెప్పేవాడు, సుడులు చూసి యజమానికి కలిసొస్తుందో లేదో చెప్పేవాడు, డొక్క తట్టి లోపలి రోగం చెప్పేవాడు. పావగడ తాలూకా సంతల్లోనే కాదు, అటు మడకశిర సంతలో కూడా చిక్కన్న తువ్వాలు కింద చెయ్యి పెట్టాడంటే ఇక ఆ ఎద్దుకు ఇంకొకడు బేరం ఆడేవాడు కాదు.

తువ్వాలు సంగతి తెలియని వాళ్లకు కాస్త చెప్పాలి. ఎద్దుల బేరంలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. చివర్న అరచెయ్యి అరచెయ్యిని గట్టిగా పట్టుకుందంటే బేరం ముగిసినట్టే. ఆ తర్వాత ఎద్దు కుంటిదని తేలినా చచ్చినట్టు తోలుకుపోవాల్సిందే. ఓబళప్ప అనేవాడు ఒకసారి పొడిచే ఎద్దును తిరిగి తెచ్చి ఇవ్వబోయాడు. అప్పుడు చిక్కన్నే నిండు సంతలో వాణ్ని నిలబెట్టి, "చెయ్యి పట్టినాక మాట మార్చేటోనికి సంతలో ఏం పని అప్పా?" అని నాలుగు దులిపాడు. ఓబళప్ప మళ్లీ ఏ సంతలోనూ కనిపించలేదు.

అలాంటి చిక్కన్న పడవ కొనడానికి పోయాడు. నవ్వకండి. కరువు సీమలో పడవేందని మీకే కాదు, అప్పట్లో మాకూ నవ్వొచ్చింది.

మల్లయ్యబండ ఊరి ముందు వంకకు అడ్డంగా సర్కారు ఎప్పుడో చెరువు కట్టింది. కట్టిన నాటి నుంచి చుక్క నిలవలేదు. చెరువు కడుపులోంచే బండ్ల బాట పడింది. అరసికెరెకు పోవాలన్నా, శనక్కాయ మండికి తోలాలన్నా ఆ బాటే. ఎనభైల చివర్లో ఒక యేడు ఉన్నట్టుండి వాన దంచింది. చెరువు నిండింది. మొదటిరోజు ఊరంతా ఒడ్డున నిలబడి చేతులెత్తి మొక్కారు. నాలుగురోజులు పోయేసరికి సంగతి అర్థమైంది. మూడు పక్కలా నీళ్లు, నాలుగో పక్క మేక కూడా కాలు జారే గుట్ట. పెరికిన శనక్కాయ కల్లాల్లోనే ఉంది. జ్వరం వచ్చినవాణ్ని భుజాన వేసుకొని గుట్ట ఎక్కించాల్సి వచ్చింది. నీళ్ల కోసం ఏడ్చిన ఊరు నీళ్ల మధ్య ఇరుక్కుపోయింది.

అప్పుడు ఊరి పెద్ద వెంకటేశప్ప ఒక కబురు పట్టుకొచ్చాడు. హిరియూరు అవతల ఎవరో బెంగళూరు షావుకారు, డ్యాములో షికారు చెయ్యడానికి మోటారు పడవ కొనిపెట్టుకున్నాడట. దాన్ని యాట్ అంటారట. కరువులో డ్యాము అడుగంటితే పడవ బురదలో కూర్చుందట. ఇప్పుడు అమ్మేస్తాడట. ఊరంతా తలా ఇంత వేసుకున్నారు. వెంకటేశప్పా, పంపుసెట్లు బాగుచేసే బొమ్మన్నా, చిక్కన్నా బయలుదేరారు.

"మోటారు బొమ్మన్న చూస్తాడు. ఒళ్లు నేను చూస్తా," అన్నాడు చిక్కన్న. "గొడ్డయితేనేమి, పడవయితేనేమి, ఒళ్లు ఒళ్లే కదప్పా."

పడవ భలే ఉంది. తెల్లటి రంగు, నీలం చార, లోపల మెత్తటి సీట్లు, చిన్న గది కూడా. షావుకారు మనిషి గంగాధరప్ప దాన్ని రేకుల కొట్టంలో దుంగల మీదికి ఎక్కించి, కొత్తగా రంగు పూయించి పెట్టాడు. బొమ్మన్న మోటారు తిప్పాడు. అది ఒక్క లాగుకే బుర్రుమంది. వెంకటేశప్ప చిన్నపిల్లాడిలా సీటెక్కి కూర్చున్నాడు. చిక్కన్న మాత్రం తొందరపడలేదు. చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ముక్కు దగ్గర నిలబడి నోరు చూశాడు, పక్కపలకలు నిమిరాడు, రంగులో ఎక్కడైనా సుడి తిరిగిందేమోనని కూడా చూశాడు! తర్వాత వంగి, అడుగు పలకలను వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోయాడు.

పైన తడితే టంగు టంగుమంది. కింద, వెన్ను పలకకు అటూ ఇటూ తడితే దబ్ దబ్ మని మెత్తటి చప్పుడు. చిక్కన్న మొహం వెలిగింది. ఎద్దు డొక్క తడితే డొల్లగా మోగిందంటే మేత పడని గొడ్డు. దబ్ మందంటే కడుపు నిండిన గొడ్డు. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడే అతనికి అన్నం పెట్టింది.

"పైన కొంచెం డొల్ల. అడుగు మాత్రం నిండుగా ఉండాది," అని తీర్పు చెప్పి భుజం మీది తువ్వాలు తీశాడు.

గంగాధరప్పకు ఎద్దుల బేరం కొత్తేమీ కాదు. తువ్వాలు కింద వేళ్లు కాసేపు మాట్లాడుకున్నాయి. చెయ్యి చెయ్యి పట్టుకుంది. వెంకటేశప్ప పడవలోంచే చప్పట్లు కొట్టాడు.

పడవను లారీకి ఎక్కించే మనుషుల కోసం అందరూ బయటికి పోయారు. చిక్కన్న ఒక్కడే ఉండి, చేతిలోని ముల్లుకర్రను పడవ అడుగుకు ఆనించి, దాని మీద వాలి బీడీ వెలిగించాడు. కర్ర దిగింది. ముల్లు మాత్రమే అనుకునేరు, ముల్లు దాటి జానెడు కర్ర దిగింది, రాగిముద్దలోకి వేలు దిగినట్టు. లాగితే నల్లటి ముక్కిన పొట్టు కూడా వచ్చింది. ఇంకోచోట పొడిచాడు. అక్కడా దిగింది. బురద నానబెట్టి నానబెట్టి ఆ కొయ్యను లోపల్లోపలే తినేసింది. నిండుగా మోగింది పుచ్చు!

బయట గంగాధరప్ప గొంతు వినిపిస్తోంది. పరిగెత్తి, "ఇది పుచ్చిపోయుండాది, మాకొద్దు" అనొచ్చు. అంటే? రేపు సంతలో ఓబళప్పకు పట్టిన గతే ఇతనికీ. చెయ్యి పట్టింది ఇతనే. ఒళ్లు చూసిందీ ఇతనే. చిక్కన్న ఆ చిల్లుల్లో ఇంత బంకమట్టి కూరి, పైన వక్కాకు సంచిలోని సున్నం పూసి, బయటికి వచ్చి నవ్వాడు. ఆ నవ్వు ఎలా నవ్వాడో ఆ దేవుడికే తెలియాలి.

లారీ గుట్ట అవతలిదాకా వచ్చింది. అక్కడినుంచి ఊరి మగాళ్లంతా కలిసి, దేవుడి పల్లకిలా మోసి తెచ్చారు. చిక్కన్న మెడలో దండ వేశారు. ఇంటింటికీ పిలిచి భోజనం పెట్టారు. ఎక్కడికి పోయినా ఒకటే మాట, "చిక్కన్న కన్ను పడినాక తిరుగుండదు." ఆ మాట విన్నప్పుడల్లా చిక్కన్న విస్తరి ముందునుంచి లేచిపోయేవాడు. పాలిష్ పెడతానని చెప్పి, పిల్లల్ని తరిమేసి, గుగ్గిలం కరిగించి పడవ అడుగుకు మెత్తాడు. ఒకచోట మెత్తితే పక్కచోట వేలు దిగేది. రేపు చెబుదామనుకున్నాడు. రేపు వచ్చింది. ఇంకొకరింట్లో పాయసం పెట్టారు.

ఇంతలో శుక్రవారం గంగపూజ పెట్టుకున్నారు. ఎండిన చెరువు నిండితే, అయిదుగురు ముత్తైదువులు నీళ్ల నడిమధ్యకు పోయి గంగమ్మకు పసుపుకుంకుమలు, చీరా రైకా వదలాలి. ఇదివరకు ఎవరికీ ఆ భాగ్యం లేదు. ఇప్పుడు పడవ ఉంది. చెరువు మధ్యలో తాటిచెట్టు లోతు. అయిదుగురిలో ఒక్కరికీ ఈత రాదు. ఈత నేర్వడానికి ఆ ఊళ్లో నీళ్లెప్పుడున్నాయి గనక! మొదటి పేరు రంగక్కది, చిక్కన్న భార్యది. రెండోది బొమ్మన్న భార్య అంజినమ్మది. ఆమెకు అయిదో నెల.

పూజకు పోయే పొద్దున రంగక్క కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే చిక్కన్న వాకిలికి అడ్డం వచ్చాడు.

"నువ్వు పోవద్దులే."

"ఏందయ్యా ఆ మాట? పండగపూట!"

"ఒంట్లో బాగలేదని చెప్పు. ఇంకొకామెను పోనీ."

రంగక్క చేతులు కుచ్చిళ్ల దగ్గరే ఆగిపోయాయి. అన్నం ముందు కూర్చొని మెతుకు ముట్టని మొగుణ్ని ఆమె ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది.

"పడవకు ఏమన్నా అయిందా?"

అతను తల వంచుకున్నాడు.

"నేను పోగూడదు. అంజినమ్మ పోవచ్చునా?"

అతను వాకిలి దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

"థూ!" అంది రంగక్క. పసుపుకుంకుమల తట్ట నెత్తిన పెట్టుకొని గడప దాటింది. "నేను పోయి కూచుంటా. నువ్వు నోరు తెరిస్తే దిగుతా. తెరవకపోతే మునుగుతా."

ఒడ్డున ఊరంతా ఉంది. తప్పెట్లు మోగుతున్నాయి. మోకాలి లోతు నీళ్లలో పడవ తెల్లగా మెరుస్తోంది. రంగక్క అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. మొగుడి మొహంలోకే చూస్తోంది. వెనకాలే అంజినమ్మ కడుపు మీద చెయ్యి పెట్టుకొని నవ్వుతూ ఎక్కింది. తక్కిన ముగ్గురూ ఎక్కారు. బొమ్మన్న మోటారు దగ్గర కూర్చున్నాడు. పడవను కట్టిన తాడు చిక్కన్న చేతిలో ఉంది.

వెంకటేశప్ప టెంకాయ కొట్టాడు. "ఇడువు చిక్కన్నా, తాడు ఇడువు!"

చిక్కన్న వదల్లేదు. మోటారు బుర్రుమంటోంది, తాడు బిగుసుకుంటోంది, అరచేతులు కోసుకుపోతున్నాయి. చెప్పాలి. ఒక్క మాట. ఊరంతా తన నోటి వంకే చూస్తోంది. ఇన్నేళ్లు సంతల్లో కేకలేసిన ఆ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఇడువప్పా, ఏం చేస్తాండావు?"

చిక్కన్న తాడుతో సహా నీళ్లలోకి దూకి, పడవలోకి ఎగబాకి, ఆడవాళ్ల నడుమ నిలబడి, మడమతో అడుగు పలకను ఒక్క తన్ను తన్నాడు. పలక విరగలేదు. కుళ్లిన గుమ్మడికాయలా లోపలికి పోయింది. కాలు మోకాలి దాకా దిగి అక్కడే ఇరుక్కుంది. నల్లటి నీళ్లు బుడబుడా పైకొచ్చాయి. ఆడవాళ్లు కెవ్వుమని కేకలు పెడుతూ నీళ్లలోకి దిగిపోయారు. తప్పెట్లు ఆగిపోయాయి. పడవ ఉన్నచోటనే నెమ్మదిగా బురదలో కూర్చుంది.

బొమ్మన్న మోటారు ఆపి వచ్చాడు. ఒంగి, చిక్కన్న తొడ కింద చెయ్యి వేసి కాలు బయటికి లాగడం మొదలుపెట్టాడు. చీలిన కొయ్య పిక్కను కోస్తోంది. రక్తం కారుతోంది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు తలెత్తకుండా.

"చెయ్యి పట్టినాక."

"ఆడనే?"

"ఆడనే."

బొమ్మన్న ఇంకో గుంజు గుంజాడు. కాలు బయటికొచ్చింది. అప్పుడు తలెత్తి చూశాడు. ఒడ్డున అంజినమ్మ తడిసిన చీరతో వణుకుతోంది, చెయ్యి ఇంకా కడుపు మీదే ఉంది.

"చిక్కన్నా, ఒక్కటి చెప్పు. ఇందులో రంగక్క లేకపోయుంటే, ఈ కాలు లేచుండునా?"

చిక్కన్న నోరు తెరిచాడు. బొమ్మన్న వంక చూశాడు, వెంకటేశప్ప వంక చూశాడు. తర్వాత రంగక్క వంక చూశాడు. ఆమె మోకాలి లోతు నీళ్లలో కదలకుండా నిలబడి ఉంది. ఆమె కూడా ఆ జవాబు కోసమే చూస్తోంది.