కాకతీయుల వంటిల్లు

మనీష ఫోను చేసేసరికి కస్తూరి బాల్కనీలో ఉతికిన బట్టలు ఆరేస్తోంది. పిల్లల కోసం చరిత్ర పుస్తకాలు వేసే ఓ చిన్న సంస్థలో మనీష ఎడిటరు. కాకతీయుల పుస్తకంలో కోటలూ, యుద్ధాలూ, గుర్రాలూ వేరే ఆర్టిస్టు వేశాడు. ఒక్క పేజీ కస్తూరికి వచ్చింది, ఆ కాలపు వంటిల్లు. పెళ్ళయ్యాక కుంచె పట్టుకుని ఆమె వేసిన మొదటి బొమ్మ అది.

పుస్తకంలో తప్పులు చూసిపెట్టే చరిత్ర ప్రొఫెసరు గారికి బొమ్మ బాగా నచ్చిందట, కానీ అందులో ఎండుమిరపకాయలున్నాయన్నారట. మిరపకాయ పోర్చుగీసువాళ్ళతో వచ్చింది, కాకతీయులు పోయిన రెండు వందల ఏళ్ళకి. పుస్తకం రేపు పొద్దున్నే ఘాజియాబాద్ ప్రెస్సుకి వెళ్ళాలి. "అప్పటికి మారిస్తే ఠీక్ హై దీదీ. లేకపోతే ఆ పేజీలో ఇంకో కోట పెట్టేస్తాం" అంది మనీష, నొచ్చుకుంటూనే.

కస్తూరి ఫోను పెట్టేసి లోపలికెళ్ళి, ఫోటో తీసి పంపాక తన దగ్గరే ఉంచుకున్న అసలు బొమ్మని బయటికి తీసింది. ఎంత జాగ్రత్తపడింది తను! బొమ్మ కోసం అత్తగారు నాగేంద్రమ్మను రోటి ముందు కూర్చోబెట్టి, కళ్ళజోడు తీసేయించింది. స్టీలు గిన్నెల చోట మట్టికుండలు వేసింది. గ్యాసు పొయ్యి చెరిపి కట్టెలపొయ్యి పెట్టింది. టమాటాలు అప్పట్లో లేవని కూడా తెలుసు తనకి. కానీ రోటి పక్కనున్న ఆ ఎర్రటి కుప్ప మీద అనుమానం రానే లేదు. గుంటూరులో పుట్టి పెరిగిన మనిషికి ఎలా వస్తుంది?

ఎరుపు మీద నలుపు వేసి మిరియాలు చేద్దామనుకుంది. కుంచె ముంచి, బొమ్మకేసి చూసి, మళ్ళీ కప్పులో పడేసింది. బొమ్మలో మనిషి మొహం పక్కకు తిప్పుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దంచుతోంది. ఆ ఒళ్ళంతా మిరపకాయ ఘాటే. కింద మిరియాలు పోస్తే ఆ మొహం ఎందుకు తిప్పినట్టు?

మొదటినుంచీ వెయ్యాల్సిందే. అత్తగారు మళ్ళీ కూర్చోవాల్సిందే.

సంగతి వినగానే నాగేంద్రమ్మ మొహం ముడుచుకుంది. మిరపకాయ లేకుండా మనవాళ్ళు అన్నమెలా తిన్నారో ఆ ప్రొఫెసరుని వచ్చి చెప్పమంది. బడి నుంచి వచ్చిన ప్రవల్లిక బూట్లు విప్పుకుంటూ "సచ్చీ, నాయనమ్మా? మిర్చీ విదేశీ హై?" అని నవ్వింది. దాంతో పెద్దావిడకి ఇంకా కోపం వచ్చింది.

"నేను కూర్చోనమ్మాయ్. ఉన్నదాన్ని లేదని చూపించే పని నావల్ల కాదు. ఆ కింద ఫ్లాటు కల్పననో ఎవర్నో కూర్చోబెట్టుకో."

"కూర్చోకపోతే కోట బొమ్మ పెడతారట అత్తయ్యా."

మనీష పంపిన ఆ పుస్తకం అచ్చు కాగితాలు మనవరాలు చూపించగా నాగేంద్రమ్మ అప్పుడే చూసింది.

"మళ్ళీ కోటా? పుస్తకం నిండా అవేగా. గోడలెక్కేవాడూ, పడేవాడూ. వాళ్ళందరికీ వండిపెట్టినదాన్ని ఒక్క పేజీలో కూడా ఉండనివ్వరూ?"

"అందుకే అడుగుతున్నా."

"ఏవీ, మిరియాలు పట్రా."

రోలు ఎండలోకి లాగారు. దంచుతున్నట్టు కూర్చుంటే చాలని కస్తూరి అంటే, ఉత్తుత్తి పనులు తనకి చేతకావంటూ గుప్పెడు మిరియాలు రోట్లో పోసిందావిడ. రోకలిబండ పడగానే గింజలు టపటపా ఎగిరి బాల్కనీ అంతా చెల్లాచెదురయ్యాయి. ప్రవల్లిక వాటి వెంట పరిగెత్తింది. నాగేంద్రమ్మ విసుక్కుంటూ ఎడమచెయ్యి రోటి అంచు చుట్టూ గోడలా వంచి, రోట్లోకి వంగి, మెల్లిగా దంచడం మొదలుపెట్టింది.

"అలాగే ఉండండి అత్తయ్యా."

"ఉండమంటే ఉంటానా, నలగాలిగా" అంటూనే ఆవిడ తన పని తాను చేసుకుపోయింది. కస్తూరి ఆ చెయ్యే ముందు గీసింది. మొహం తరవాత గీసింది. పొద్దు వాలేలోపు పెన్సిలు పని అయింది. రంగులు వేస్తూ ఉంటే వరప్రసాద్ ఆఫీసు నుంచి వచ్చి, ఈపూట వంట సంగతేమిటని అడగబోయి, భార్య మొహం చూసి, తనే వెళ్ళి కుక్కరు పెట్టాడు.

పొద్దున్న ప్రెస్సుకి వెళ్తూ మనీష దారిలో ఆగింది. బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మిరియాలు సరే, ఆ చెయ్యి అలా ఎందుకు పెట్టిందని హిందీలో అడిగింది.

"గింజలు ఎగిరిపోకుండా" అంది కస్తూరి.

మనీష తల ఊపింది. ఫైలు తెరిచి కోటకీ యుద్ధానికీ మధ్య ఆ పేజీని సర్దింది.